మనుషులు లేని కట్టడాలు, పేర్లు లేని మనుషులు
(నలుపు తెలుపు ఫోటోల మీద ఒక దళిత పఠనం)

మా అమ్మ మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీలో హౌస్‌కీపింగ్ పని చేస్తది. పొద్దున ఏడింటికల్లా లోపల ఉండాలె. రిసెప్షన్ హాలు గోడకు పెద్ద పెద్ద ఫోటోలు బిగించి ఉంటయి. అన్నీ నలుపు తెలుపే. గోల్కొండ కోట, చార్మినార్, కుతుబ్‌షాహీ సమాధులు, ఒక పాడుబడ్డ గడి, తాటిచెట్ల నడుమ చెరువు, పొగమంచులో ఒక ఊరు. ఆ అద్దాల మీద దుమ్ము తుడవడం అమ్మ డ్యూటీ. ఎనిమిదేండ్ల నుంచి తుడుస్తున్నది. ఆ ఫోటోలను ఆమె అంత దగ్గరగా, అంత కాలం చూసినవాళ్ళు ఆ కంపెనీలో ఇంకెవరూ ఉండరు. ఒకనాడు అన్నం తినుకుంట అడిగింది: "గంత పెద్ద కోట ఉన్నది, గంత పెద్ద చెరువున్నది. ఒక్క మనిషి లేడేంది బిడ్డా? అందరు యాడికి పోయిండ్రు?"

సౌందర్యశాస్త్రం మీద నేను చదివిన పుస్తకాల్లో ఇంత సూటి ప్రశ్న నాకు తగల్లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల్లో ఆఫీసులు, హోటళ్ళు, కాఫీ షాపులు, అపార్ట్‌మెంట్ల కింది హాళ్ళు ఎక్కడికి పోయినా పాత హైదరాబాద్, పాత పల్లెల నలుపు తెలుపు ఫోటోలు కనబడతయి. 1998 నవంబర్ 22న సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించినప్పుడు చుట్టూ ఊళ్ళు, రాళ్ళు, చెరువులు, కంచెలు ఉండేవి. పాతికేండ్లలో అవి చాలావరకు పోయినయి. పోయినవి ఫ్రేము కట్టించుకొని గోడ మీదికి వచ్చినయి. ఊరు బతికున్నప్పుడు వెనుకబాటుతనం. చచ్చి ఫోటో అయినంక వారసత్వం. ఈ మార్పిడి ఎవరి కోసం జరుగుతున్నది? ఏ మనుషులను తుడిచేసి జరుగుతున్నది? ఇది దళిత విమర్శ అడగాల్సిన ప్రశ్న.

కదిలేవాడు కనబడడు

హైదరాబాద్ పాత ఫోటో అనంగనే రాజా దీన్ దయాళ్ పేరు వస్తది. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనలో జైన కుటుంబంలో పుట్టిండు. రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిండు. ఇండోర్‌లో సర్కారు కొలువు చేసుకుంట కెమెరా పట్టిండు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయిండు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిండు. 1905లో చనిపోయిండు. ఆయన గాజు నెగెటివ్‌లు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నయి. ఫలక్‌నుమా, చౌమహల్లా, బషీర్‌బాగ్ ప్యాలెస్, వేట శిబిరాలు, విందు గదులు ఆయన కెమెరా ముందుకు వచ్చినయి. బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇప్పుడు లేదు, ఫోటోలే మిగిలినయి. ఆయన పనితనాన్ని తక్కువ చేయాలని నాకు లేదు. మన దేశస్థుడు ఆ రోజుల్లో తెల్లవాళ్ళతో సమానంగా నిలబడి చేసిన పని అది. కానీ పనితనాన్ని మెచ్చుకుంటూనే ఆ పని ఎవరి దృష్టి నుంచి జరిగిందో అడగొచ్చు.

ముందు పరికరం సంగతి చూద్దాం. కట్టడం మొత్తం, ముందు మెట్టు నుంచి వెనక బురుజు దాకా స్పష్టంగా రావాలంటే లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేయాలి. రంధ్రం చిన్నదైతే వెలుతురు తక్కువ, కాబట్టి ప్లేటును ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆనాటి ప్లేట్లతో అది సెకన్ల లెక్క. ఆ సెకన్లలో గోడ కదలదు, స్తంభం కదలదు. నీళ్ళ కావడి మోసేటోడు కదులుతడు. చీపురు పట్టిన ఆడమనిషి కదులుతది. కదిలినవాళ్ళు ప్లేటు మీద మసకైతరు, లేదంటే అసలే మిగలరు. అంటే పని చేస్తున్న మనిషి పని చేస్తున్నందుకే ఫోటోలో లేకుండా పోతడు. ఊరికే కూర్చోగలిగినోడు, కుర్చీలో నిబ్బరంగా ఉండగలిగినోడు మాత్రం చక్కగా పడతడు.

ఇంకో రకం మనిషి కూడా కట్టడాల ఫోటోల్లో కనబడతడు. కోట గుమ్మం పక్కన, స్తంభం కింద, ఒంటి మీద సగం బట్టతో నిలబడి ఉంటడు. అతన్ని అక్కడ నిలబెట్టింది కట్టడం ఎంత ఎత్తో చూసేవాళ్ళకు తెలియడానికి. పంతొమ్మిదో శతాబ్దపు కట్టడాల ఫోటోగ్రాఫర్లకు ఇది మామూలు పద్ధతి. కొలబద్దకు పేరు ఎవరు అడుగుతరు?

మూడోది రంగు సంగతి. ఆ కాలపు ప్లేట్ల మీది మందు నీలి వెలుతురును ఎక్కువ పట్టుకునేది. ఎరుపు, గోధుమ రంగులకు దాదాపు గుడ్డిది. అందుకే పాత ఫోటోల్లో ఆకాశం తెల్లగా కాలిపోయి ఉంటది, గోధుమరంగు ఒళ్ళు ఉన్నదానికన్నా నల్లగా పడతది. తెల్ల గోడ ముందు నిలబడ్డ కూలివాని ముఖంలో కళ్ళూ ముక్కూ తెలియని చీకటి ఉంటది. రసాయనానికి కులం తెలియదు, నిజమే. కానీ వెలుతురు ఎవరి ముఖానికి సర్దాలో, ఎవరిని ఎండకు వదిలేయాలో నిర్ణయించిన మనిషికి తెలుసు.

దీన్ దయాళ్ స్టూడియో పేదవాళ్ళను అసలే తీయలేదని కాదు. పంతొమ్మిదో శతాబ్దం ముగిసే రోజుల్లో వచ్చిన కరువుకు నిజాం ప్రభుత్వం ఔరంగాబాద్ జిల్లాలో చేపట్టిన సహాయ పనులను కూడా ఆ స్టూడియో ఫోటోలు తీసింది. అక్కడ గుంపులు గుంపులుగా బీదలు కనబడతరు. ఆ ఆల్బమ్‌లో వాళ్ళు చరిత్ర నిర్మాతలుగా లేరు. ప్రభువు దయకు సాక్ష్యంగా ఉన్నరు.

రెండు పెట్టెలు

అదే కాలంలో ఇంకో రకం ఫోటోల పని నడిచింది. 1868లో మొదలై ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా', 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాల పుస్తకం, 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాల మీద రాసిన పుస్తకం ఈ కోవలోవి. థర్‌స్టన్ మనుషుల ముక్కు పొడవు, తల చుట్టుకొలత కొలిచిండు. ఈ ఆలోచనలో మనిషి మనిషి కాదు, ఒక 'రకం'. ఫోటో కింద ఉండేది అతని పేరు కాదు, అతని కులం పేరు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక పెట్టెలో మనుషులు లేని కట్టడాలు, ఇంకో పెట్టెలో పేర్లు లేని మనుషులు. గోల్కొండకు రాళ్ళు కొట్టినవాళ్ళ వంశం రెండో పెట్టెలో ఉంటది, గోల్కొండ మొదటి పెట్టెలో ఉంటది. రెంటికీ నడుమ దారం తెంపేసిండ్రు. కట్టడం కళా చరిత్రకు పోయింది, కట్టినవాడు మానవశాస్త్రానికి పోయిండు. మన విశ్వవిద్యాలయాల్లో ఇవి నేటికీ వేరువేరు డిపార్ట్‌మెంట్లే. మా అమ్మ ప్రశ్నకు మొదటి జవాబు ఇది: మనుషులు ఎటూ పోలేదు, వాళ్ళను వేరే పెట్టెలో పెట్టిండ్రు.

కట్ట మీద నిలబడ్డ కెమెరా

ఒకసారి అమ్మకు మందులు ఇయ్యడానికి పోయి, రిసెప్షన్ దాకా నేను కూడా ఆ ఫోటోలు చూసిన. పొగమంచు ఊరి ఫోటో నాకు బాగనే అనిపించింది. గుడి శిఖరం, పెంకుటిండ్లు, వేపచెట్టు, పైన పలుచని వెలుతురు. సాయంత్రం ఇంటికొచ్చినంక అమ్మ చెప్పింది: "అది చెరువు కట్ట మీద నిలబడి తీసిండు. ఊరు దిక్కు మొఖం పెట్టిండు. మన ఇండ్లు కట్ట కింద ఉంటయి. మనం వాని ఈపు ఎనక ఉన్నం."

పల్లె ప్రకృతి దృశ్యం అనే మాట మనకు అమాయకంగా వినిపిస్తది. తెలుగునాట ఊరు అంటే రెండు: ఊరు, వాడ. ఫోటోగ్రాఫర్ ఎక్కడో ఒక చోట నిలబడాలి, ఎటో ఒక దిక్కు చూడాలి. లెక్కలేనన్ని పల్లె ఫోటోలు చూసిన తర్వాత నాకు అర్థమైంది, వాటిలో వాడ దాదాపు ఉండదు. ఉంటే పేదరికం గురించిన ఫోటోలో ఉంటది, అందం గురించిన ఫోటోలో ఉండదు. గుడిసె ఒక్కటే ఉంటే దృశ్యం. దాని ముందు మనిషి నిలబడి కెమెరా వైపు సూటిగా చూస్తే అది సమస్య.

చెరువునే తీసుకుందాం. తెలంగాణ చెరువు ఫోటో అంటే నీళ్ళలో తాటిచెట్ల నీడ. ఆ నీళ్ళను తూము దగ్గర విడిచి, పొలం పొలానికి పంచి, కట్ట తెగకుండా వానలో రాత్రంతా కాపలా ఉన్నవాడు నీరటి. చాలా ఊళ్ళల్లో అతను దళితుడు. నీళ్ళు పంచిన చెయ్యి అతనిది, తాగే నీళ్ళ బావి దగ్గరికి రానియ్యనిది కూడా అతన్నే. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్ళు ఇచ్చిందని చెప్పుకునే దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వచ్చింది. ఇప్పుడు ఆ చెరువు నలుపు తెలుపు ఫోటోలకు ఇష్టమైన స్థలం. వంతెన ఉంటది, నీడ ఉంటది. నీరటి కథ మాత్రం ఏ ఫోటో కిందా ఉండదు.

ఇక గడి. పాడుబడ్డ గడుల ఫోటోలకు ఈ మధ్య గిరాకీ బాగా పెరిగింది. విరిగిన దర్వాజా, నాచు పట్టిన గోడ, కప్పు లోంచి పడే ఎండ. నలుపు తెలుపులో ఇవి ఎంతో గంభీరంగా ఉంటయి. ఆ గంభీరత మీదనే నాకు అనుమానం. ఆ దర్వాజా ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేత పట్టుకొని నడిచినవాళ్ళు మా తాతలు. గడికి మాదిగలు చెప్పులు, మోటబొక్కెనలు ఉత్తపుణ్యానికి కుట్టి ఇచ్చిండ్రు. మాలలు మూటలు మోసిండ్రు, కబుర్లు మోసిండ్రు. చాకలి, మంగలి, కుమ్మరి అందరూ వెట్టి చేసిండ్రు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లోనే. గడి దానంతట అది పాడుబడలేదు. జనం లేచినందుకు పాడుబడ్డది. ఆ శిథిలాన్ని చూసి ఎవరికైనా దుఃఖం కలిగేటట్టు ఫోటో తీస్తే, ఆ ఫోటో ఎవరి పక్షాన ఉన్నట్టు? శిథిలం మాకు విజయ చిహ్నం కూడా కావొచ్చు కదా? కెమెరా పట్టినవాడు ఆ సంగతి ఆలోచించిండా?

ఆ పోరాట కాలాన్ని కెమెరాతో చూసినవాళ్ళలో సునీల్ జానా ముఖ్యుడు. 1943 బెంగాల్ కరువును, తర్వాత తెలంగాణను నలుపు తెలుపులో తీసిన కమ్యూనిస్టు ఫోటోగ్రాఫర్. మట్టి మనుషులను కింది నుంచి పైకి చూస్తూ, ఆకాశం ముందు నిలబెట్టి తీసిండు. దృశ్యంలో మనిషి లేని లోటును ఆయన తీర్చిండు. ఇది పెద్ద మలుపు. అయితే ఆనాటి పార్టీ భాష వర్గం భాష. రైతు, కూలీ, గెరిల్లా అనే మాటలు ఉన్నయి. వాడ నుంచి వచ్చిన గెరిల్లాకూ ఊరి నుంచి వచ్చిన గెరిల్లాకూ తేడా ఆ భాషలో పట్టదు. మన చరిత్రకారులు ఇప్పటికైనా ఆ ముఖాలకు పేర్లు, ఊళ్ళు, వాడలు వెతకాలి.

రాళ్ళకు దొరికిన గౌరవం

సైబరాబాద్ ప్రాంతపు అసలు అందం రాళ్ళు. దాదాపు 250 కోట్ల ఏండ్ల కిందటి గ్రానైట్. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ గుండ్లు. వాటిని పేల్చి కంకర చేస్తుంటే 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడ్డది. ఫోటోలు, నడకలు, వినతుల ద్వారా కొన్ని రాతి గుంపులను వారసత్వ జాబితాలోకి తెచ్చిండ్రు. ఇది మంచి పని. ఫోటో ఒక రాయిని కాపాడగలదని రుజువైంది. అందుకే మన ప్రశ్న మరింత గట్టిగా అడగాలి. రాయికి వారసత్వ హోదా వచ్చింది, రాయి కొట్టిన వడ్డెరకు ఏమొచ్చింది? ఆ చేతులు కొట్టిన రాయితోనే కోటా, చెరువు కట్టా, ఐటీ భవనం పునాదీ లేచినయి. రాళ్ళ ఫోటోల్లో వడ్డెర కనబడితే విధ్వంసకుడిగానే కనబడతడు. అతని చేత కొట్టించిన బిల్డర్ ఫ్రేములో ఉండడు.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు విద్యార్థులు తీసిన ఫోటోలు, వీడియోలు దేశమంతా తిరిగినయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది. ఆ పోరాటంలో దళిత బహుజన విద్యార్థులు ముందున్నరు. కానీ ఎక్కువమంది గుర్తు పెట్టుకున్న బొమ్మలు జింకలవి, నెమళ్ళవి. కంచ అంటే పశువులు మేసే బీడు. ఆ మాటలోనే గొర్రెలు మేపినోళ్ళు, పశువులు కాసిన పిల్లలు ఉన్నరు. ప్రకృతిని కాపాడే ఫోటోలో మనిషికి చోటు లేకపోతే రేపు ఆ ప్రకృతిలోకి కూడా మనకు ప్రవేశం ఉండదు.

నలుపు ఎవరిది?

ఇంతా చెప్పి నలుపు తెలుపు ఫోటోలను వదిలేయమంటున్నానా? లేదు. గోడ మీది ఫోటోలో నలుపు ఎంత లోతుగా ఉంటే అంత కళ అని కళాభిమానులు మెచ్చుకుంటరు. అదే నలుపు మనిషి ఒంటి మీద ఉంటే పెండ్లి సంబంధాల ప్రకటనల్లో పనికిరాదు. 1980ల చివర హైదరాబాద్ నుంచి దళితుల గొంతుగా వచ్చిన పత్రిక తన పేరే 'నలుపు' అని పెట్టుకున్నది. ఆ రంగును మనం అప్పుడే సొంతం చేసుకున్నం.

పత్రికల ఫోటోలు నలుపు తెలుపులో ఉన్న రోజుల్లో మనం ఎట్లా కనబడ్డం? 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. శవాలుగా, శవాల పక్కన ఏడుస్తున్న ఆడవాళ్ళుగా. ఆ ఫోటోలు అవసరం, సాక్ష్యం. కానీ చస్తే తప్ప ఫోటో దొరకని జాతి అని లోకం అనుకుంటే అది కూడా ఒక అవమానమే.

మన ఇండ్లల్లో ఇంకో ఫోటో ఉన్నది. కోటు, టై, కళ్ళద్దాలు పెట్టుకున్న అంబేద్కర్. ఆ ఫోటో వాడకు చెప్పిన మాట ఒక్కటే: మనల్ని ఎట్లా చూడాలో మనమే నిర్ణయిస్తం. బానిసగా పుట్టి విముక్తుడైన ఫ్రెడరిక్ డగ్లస్ పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో పట్టుబట్టి ఫోటోలు తీయించుకున్నది, ఫోటోల మీద ఉపన్యాసాలు ఇచ్చింది ఇందుకే. మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ (1888–1939), ఆది హిందూ ఉద్యమ కార్యకర్తలు తలపాగాలు, కోట్లతో ఫోటోలు దిగిండ్రు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ మనవాళ్ళు మన కోసం నిలబెట్టుకున్న చారిత్రక కట్టడం. కంపెనీల గోడల మీద దాని ఫోటో నాకు ఎక్కడా కనబడలేదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు వేసిన వెలివాడ కూడా నా దృష్టిలో చారిత్రక కట్టడమే. దాన్ని కట్టడానికి రాయి వాడలేదు. కొన్ని బ్యానర్లు చాలినయి.

1942లో వాషింగ్టన్‌లో గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫోటోగ్రాఫర్ ఒక ప్రభుత్వ భవనాన్ని ఊడ్చే ఎల్లా వాట్సన్‌ను జాతీయ జెండా ముందు నిలబెట్టి, ఒక పక్క చీపురు, ఇంకో పక్క తుడుపు కర్రతో తీసిండు. అక్కడితో ఆగలేదు. ఆమె ఇంటికి పోయిండు, పిల్లలతో తీసిండు, చర్చిలో తీసిండు. ఆమె పేరు లోకానికి తెలిసింది. మన దగ్గర సుధారక్ ఓల్వే ముంబై పారిశుధ్య కార్మికులను నలుపు తెలుపులోనే తీసిండు. కాబట్టి తప్పు రంగు లేకపోవడంలో లేదు. కెమెరా ఎవరి వీపు వెనక ఎవరిని వదిలేస్తున్నది అన్నదే అసలు సంగతి.

మనం చేయాల్సింది

ఇది మర్యాద కోసం, గుర్తింపు కోసం మాత్రమే అంటున్న మాట కాదు. మా అమ్మానాన్నలు పాలమూరు నుంచి వలస వచ్చి మాదాపూర్ కట్టడాల్లో పని చేసిండ్రు. 2003లో ఒక భవనం కడుతుంటే సారువ మీది నుంచి నాన్న కింద పడ్డడు. నడుము విరిగింది. పరిహారం అడిగితే, ఈ మనిషి మా సైట్‌లో పని చేసినట్టు ఆధారం ఏదని అడిగిండ్రు. గేటు పాసు లేదు, హాజరు పుస్తకంలో గుంపు మేస్త్రీ పేరే ఉన్నది. ఆ భవనం కట్టే దశల ఫోటోలు కంపెనీ బ్రోచర్‌లో అచ్చయినయి. నేను ఒక్కొక్కటి వెతికిన. క్రేను ఉన్నది, స్తంభాలు ఉన్నయి, ఆకాశం ఉన్నది. మనిషి లేడు. దీన్ దయాళ్ కాలంలో కదిలే మనిషి ప్లేటు మీద పడకపోవడానికి రసాయనం సాకు ఉండేది. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. ఫోటోలో లేకపోవడం అంటే హక్కు లేకపోవడం అని నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

అందుకే కార్యకర్తలకు, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు నా విన్నపం. పాత ఫోటో ముందు నిలబడ్డప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుదాం. తీసినవాడు ఎక్కడ నిలబడ్డడు? అతని వెనక ఏముంది? ఎవరు కదలకుండా నిలబడాల్సి వచ్చింది? శీర్షికలో ఎవరి పేరు ఉన్నది? రెండో పని, వాడల్లో ఇంటింటికీ పోయి ట్రంకు పెట్టెల్లోని స్టూడియో ఫోటోలు, రేషన్ కార్డు ఫోటోలు, పెండ్లి ఫోటోలు, సంఘం సభల ఫోటోలు చూసి, తేదీ, ఊరు, పేరు రాయించుకొని నకళ్ళు దాచాలి. అసలు ఫోటో ఇంటివాళ్ళ దగ్గరనే ఉండాలి. మూడోది, మన పిల్లల చేతుల్లో ఇప్పుడు ఫోన్లున్నయి. వాడ దిక్కు మొఖం పెట్టి తీయమందాం. సమస్యగానే తీయనక్కర లేదు, పొద్దటి ఎండలో మన వాకిలి కూడా అందంగనే ఉంటది.

అమ్మను ఆ ఫోటోల ముందు నిలబెట్టి ఒక ఫోటో తీయాలని నాకు చాలా కోరిక. లోపల ఫోటోలు తీయడం నిషేధం, హౌస్‌కీపింగ్ వాళ్ళ ఫోన్లు పొద్దున్నే గేటు దగ్గర పెట్టించుకుంటరు. నాన్నది మాత్రం ఒక్క ఫోటో ఉన్నది. రేషన్ కార్డు కోసం స్టూడియోలో దిగింది, నలుపు తెలుపు, చిటికెన వేలంత. ఆయన పోయినంక దాని వెనక చోటు సరిపోక, ఒక కాగితం అంటించి రాసి పెట్టిన: ఆయన పేరు, ఊరు, వాడ. దాని కింద అమ్మ గుర్తు చేసుకొని చెప్పినంత మేరకు, ఆయన మాదాపూర్‌లో ఇటుక మోసిన భవనాల పేర్లు.